కాలిబాట మూసినా రైలుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రికలో ఆదివారం వచ్చే విదేశీ యాత్రల వ్యాసాలు నేను వదలకుండా చదువుతాను. అన్నిట్లోనూ ఎండే కాస్తుంది. వాన పడితే ఏం చెయ్యాలో ఒక్కరూ రాయరు. మాకు వానే పడింది, అందుకే ఈ ఉత్తరం.

నిరుడు అక్టోబరులో నేనూ, మా ఆవిడా ఇటలీలోని మిలాన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. అక్కణ్ణుంచి ముగ్గురం చింక్వే తెర్రే చూడబోయాం. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఐదు ఊళ్లవి. ఊరికీ ఊరికీ మధ్య కొండ అంచున కాలిబాట. మోంతెరోస్సో నుంచి వెర్నాత్సాకి రెండు గంటల నడక అంటే మా ఆవిడ ప్రత్యేకంగా బూట్లు కొనిపించుకుంది. తీరా వెళ్లిన రోజే ఆరెంజ్ అలర్ట్, బాట మూసేశారు. అమ్మాయి దగ్గర ముందే డబ్బు కట్టించుకున్న టూరు కంపెనీ, అది భారీ వానలు పడే కాలమని మాట వరసకైనా చెప్పలేదు.

బాట మొదట్లో గొలుసు కట్టి బోర్డు పెట్టారు. నలుగురు కుర్రాళ్లు దాన్ని దాటబోతున్నారు. ‘ఏం కాదురా, తగ్గిపోయింది కదా’ అని తెలుగు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. నేను కొత్తవలస-కిరండూల్ లైన్లో ట్రాకు పని చూసి రిటైరైనవాణ్ణి. కొండ తొలిచి వేసిన లైను. వానాకాలమంతా ఎక్కడ బౌల్డర్ దొర్లుతుందోనని టెన్షనే; రాత్రిళ్లు టార్చిలైట్లతో పెట్రోలింగ్ తిరిగేవారు మావాళ్లు. వాన పడుతుండగానే కొండ జారాలని ఏం లేదు. బాగా నాని, బరువెక్కి, వాన వెలిశాక ఎండ కాస్తుండగా కూడా దిగుతుంది. ‘బాబూ, తగ్గాకే భయం, వెనక్కి రండి’ అన్నాను. ‘ఓకే అంకుల్’ అని వచ్చేశారు. నేను అటు తిరిగాక ఏం చేశారో మరి.

ఆ గొలుసు ఊరికే కట్టలేదు. 2011 అక్టోబరు 25న కొన్ని గంటల్లో కుమ్మేసిన వానకి వెర్నాత్సా మునిగింది. అక్కడ వాగుని కప్పేసి దాని మీదే పెద్ద వీధి వేశారు. కొండ మీది బురదంతా ఆ వీధిలోకే దిగి, కింది అంతస్తుల దుకాణాలు పూడిపోయాయి. ఆ ఒక్క ఊళ్లోనే ముగ్గురు పోయారు. మరుసటేడు సెప్టెంబరులో రియోమజ్జోరె, మనరోలా ఊళ్ల మధ్యనున్న ‘ప్రేమబాట’ మీద రాళ్లు పడి నలుగురు ఆస్ట్రేలియా వాళ్లు గాయపడ్డారు. కిలోమీటరు కూడా లేని ఆ బాట పూర్తిగా తెరుచుకునేసరికి 2024 వచ్చింది. ఇంతకీ ఆ బాట పుట్టిందే రైల్వే వల్ల. సొరంగాల పనికి తెచ్చిన మందుగుండు దాచే చోటికి వెళ్లడానికి వేసుకున్న దారట. ఆ ముక్క మా అమ్మాయికి రెండుసార్లు చెప్పాను.

మేం రైలెక్కాం. ఐదూళ్లకీ స్టేషన్లున్నాయి, ఊరికీ ఊరికీ నాలుగైదు నిమిషాలే. సొరంగం, ఇంత సముద్రం, మళ్లీ సొరంగం. మనరోలాలో దిగి వీధిలో నిలబడే కొండ మీది ద్రాక్షతోటలు చూశాను. సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, కొండంతా మెట్లు మెట్లుగా. మేం సిమెంటుతో గోడ కడితే నీళ్లు పోవడానికి కన్నాలు వదలాలి. అవి పూడుకుంటే వెనక నీళ్లు నిలిచి గోడ ఉబ్బుతుంది, ఏదో ఒక రోజు పడుతుంది. వీళ్ల గోడకి ఒళ్లంతా కన్నాలే. కాకపోతే జారిన రాయిని ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు ఎత్తి పెట్టాలి. పిల్లలు పట్నాలకి పోయి తోటలు బీడు పడ్డచోట ఆ చెయ్యి లేదు, గోడతోపాటు మట్టీ దిగుతోంది. నేను వానలో అరగంట గోడలే చూస్తూ నిలబడితే మా ఆవిడ గొడుగు పట్టుకుని విసుక్కుంది.

ఆమె బూట్లకి కొర్నీల్యాలో పని దొరికింది. స్టేషన్ నుంచి ఊళ్లోకి నాలుగు వందలకి కాస్త తక్కువ మెట్లు. తల్లీకూతుళ్లు ఎక్కారు, నేను మోకాళ్ల పేరు చెప్పి బస్సెక్కాను. పైన ఒక కొట్లో కాఫీ తాగుతుంటే, ఆ కొట్టావిడ మా అమ్మాయితో అందిట: ‘బాట మూశారంటే చాలు, జనం ఊరే మూశారనుకుని గదులు కాన్సిల్ చేసేస్తారు’ అని. ఆ రోజు ఆ కొట్లో మేం ముగ్గురమే.

అందుకని నా మనవి. ఇలాంటి వ్యాసం వేసినప్పుడల్లా కింద రెండు లైన్లు చేర్చండి: ఏ నెలల్లో వానలు, బాట మూస్తే రైలో బస్సో ఏది ఉంటుంది. ఏ బాట తెరిచి ఉందో అక్కడి నేషనల్ పార్కు వెబ్‌సైట్లో బయల్దేరే రోజు పొద్దున్నే చూసుకోమని కూడా రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
విశాఖపట్నం