అస్సియెట్టా కొండదారిలో నన్ను ఆదుకున్నవాళ్లకు

పోయిన శనివారం ఇటలీలోని సూజా ఊరి నుంచి గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారుల్లో తొక్కేది) మీద బయల్దేరాను. రెండు కనుమలు దాటి సెస్ట్రియెరే అనే ఊరు చేరాలనుకున్నాను, చేరలేకపోయాను. కానీ ఆ రాత్రికి ట్యూరిన్‌లోని నా గదికి క్షేమంగా వచ్చాను. నన్ను అలా ఇల్లు చేర్చినవాళ్ల గురించి నలుగురికీ చెప్పాలి.

ముందు దారి ఎలాంటిదో చెప్తాను. సూజా సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఫినెస్ట్రే కనుమ 2,178 మీటర్లు. పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల ఎక్కుడు, సగటు వాలు 9 శాతం పైనే. చివరి 8 కిలోమీటర్లలో తారు ఉండదు, అంతా మట్టీ కంకరే. ఇటలీలో జరిగే పెద్ద సైకిల్ రేసు జీరో డిటాలియాలో, 2018లో, క్రిస్ ఫ్రూమ్ ఈ మట్టి మీదే అందరినీ వెనక వదిలేసి, 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచాడు. ఆ రోజు చూసినప్పటి నుంచి ఈ కొండ నా మనసులో ఉండిపోయింది. పైకి చేరగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అసలు కష్టం ఆ తర్వాతే. కనుమ దిగి అస్సియెట్టా దారి పట్టాను. ఒకప్పుడు సైన్యం కోసం వేసిన మట్టిరోడ్డు అది. ముప్పై కిలోమీటర్లకు పైగా కొండ వెన్ను మీదుగా సాగుతుంది. జులై, ఆగస్టుల్లో బుధ, శనివారాలు పగటిపూట మోటారు బండ్లను రానివ్వరు. సైకిల్ తొక్కేవాళ్లకు అదొక వరం. ఆపదొస్తే మాత్రం ఏ బండీ రాదు.

అస్సియెట్టా కనుమ దాటిన కాసేపటికి ఒక పదునైన రాయి వెనక టైరు పక్కభాగాన్ని కోసేసింది. ట్యూబ్‌లెస్ టైరులో ఉండే సీలెంట్ చిన్న కన్నాలనైతే పూడుస్తుంది. బొటనవేలి వెడల్పు కోతను ఆపలేదు, పాలలా బయటికి చిమ్మింది. నా దగ్గరున్న ఒక్క ట్యూబూ వేస్తే, కోతలోంచి బుడగలా పొడుచుకొచ్చి పేలిపోయింది. పడమట మబ్బు కమ్ముతోంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. టెన్షన్‌తో చేతులు ఆడలేదు.

అప్పుడొచ్చారు ఆ జర్మన్ దంపతులు. ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. నేను చెయ్యెత్తక ముందే ఆగారు. ఆవిడ టైరు చూసి, పర్సులోంచి ఐదు యూరోల నోటు తీసి, మడతపెట్టి కోతకు లోపలి నుంచి అడ్డం పెట్టారు. నోటు కాగితం గట్టిది, ట్యూబును బయటికి రానివ్వదట. తమ ట్యూబు కూడా ఇచ్చేశారు. ఆయన నెమ్మదిగా, చూసుకుంటూ గాలి కొట్టారు. డబ్బులిస్తానంటే ఒప్పుకోలేదు. కనీసం పేర్లయినా అడగలేదే అని ఇప్పటికీ బాధగా ఉంది.

నాలుగు కిలోమీటర్లు వెళ్లానో లేదో, వడగళ్లు మొదలయ్యాయి. వేళ్లు కొయ్యబారి బ్రేకులు పట్టలేకపోయాను. వేసవిలో ఆవుల్ని పైకి తోలుకొచ్చి మేపుకునేవాళ్ల రాతి ఇల్లు ఒకటి కనిపిస్తే తలుపు తట్టాను. తీసిన పెద్దాయన ఒక్క ప్రశ్నయినా అడగలేదు. ఆయన భార్య తడి జాకెట్ విప్పించి, ఉన్ని దుప్పటి కప్పి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. వేడి పాలు ఇచ్చింది. మొక్కజొన్న పిండితో వండిన పొలెంటా, దాని మీద వాళ్లే చేసిన టోమా చీజ్ పెట్టింది. "మాంజా, మాంజా" (తిను, తిను) అంటూ నేను తినేదాకా పక్కనే నిలబడింది. మా అమ్మమ్మ కూడా అంతే, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు.

ఐదు దాటి రోడ్డు తెరిచాక వాళ్లబ్బాయి పాత పాండా కారులో సైకిల్ ఎక్కించుకుని, ఆ బురదలో నన్ను కిందికి దించి, ఉల్క్స్ స్టేషన్‌లో రైలెక్కించాడు. పెట్రోలుకిస్తానన్నా తీసుకోలేదు.

రైల్లోంచి ఫోన్ చేస్తే, మా గుంటూరు అక్క చారన్నం డబ్బాతో ట్యూరిన్ స్టేషన్‌కి వచ్చేసింది. అక్కా, థాంక్స్ చెబితే కోప్పడతావని తెలుసు, అయినా చెబుతున్నాను.

ఆవులు కిందికి దిగకముందే ఆ రాతి ఇంటికి మళ్లీ వెళ్తాను. అమ్మ పంపిన సున్నుండలు వాళ్లకోసం పక్కన పెట్టాను. ఆ జర్మన్ దంపతుల జాడ ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. ఆయనది ఆకుపచ్చ సైకిల్, ఆవిడది ఎర్ర హెల్మెట్. వాళ్లకు నేను ఒక ట్యూబు, ఐదు యూరోలు బాకీ. ఆ నోటు ఇంకా నా టైరులోనే ఉంది.