బొచ్చు ఊడిన ప్రతి జింకకీ గజ్జి కాదు

సంపాదకులకు,

అమెరికాలో లైసెన్సుతో వేటకు వెళ్లే తెలుగువారి కోసం ఈ నాలుగు మాటలు. జింక ఒంటి మీద బొచ్చు లేని చోటు కనబడగానే గజ్జి అనుకుని మాంసమంతా పారేయడం తొందరపాటు. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేయడం చాలా రాష్ట్రాల్లో నేరం కూడా.

ఎల్క్‌లకు (అమెరికాలోని ఒక పెద్ద జాతి జింకలకు) వచ్చే గజ్జికి ముఖ్య కారణం సోరాప్టిస్ అనే పురుగు. సైజు దాదాపు అర మిల్లీమీటరు. ఇది చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోదు, పైనే బతుకుతుంది. కారిన రసి ఎండి మెడ, మూపు, వీపు మీద పసుపురంగు పక్కులు కడుతుంది. చిక్కేమిటంటే, ఈ జబ్బు ముదిరేది చలికాలం చివర్లో, వేట సాగేది ఎక్కువగా శరదృతువులో. అప్పటికి బొచ్చు పైకి నిండుగానే కనిపించవచ్చు. అందుకే తోలు ఒలిచే ముందు బొచ్చును ఎదురు దువ్వి, చర్మం కనబడేదాకా పాయలు తీసి చూడాలి. ఒక పక్కు ఊడదీసి నల్ల కాగితం మీద పెట్టి, కాస్త వెచ్చగా ఉంచి పదిరెట్ల భూతద్దంతో చూడండి. తెల్లని చుక్కలు కదిలితే అనుమానం బలపడినట్టే.

డెమోడెక్స్ అనే మరో పురుగు తీరు వేరు. అది వెంట్రుక కుదుళ్లలో ఉంటుంది, దురద పెద్దగా ఉండదు. చర్మం మందమై చిన్న బుడిపెలు తేలతాయి, నొక్కితే మెత్తటి తెల్లని ముద్ద వస్తుంది. నల్లగా, గట్టిగా ఉండే పులిపిర్లు మాత్రం వైరస్ వల్ల వచ్చేవి, తోలుతోపాటే ఊడిపోతాయి.

వెంట్రుకలు ఊడకుండా మధ్యలో విరిగి తెల్లటి మోడుల్లా నిలిస్తే చలికాలపు పిడుదుల్ని అనుమానించాలి. దురదకు జంతువు ఒళ్లు రాసుకోవడం వల్ల అలా అవుతుంది. బొచ్చులో చదునుగా, గోధుమరంగులో చకచకా పరుగెత్తేది కనిపిస్తే కాళ్లు లెక్కపెట్టండి. ఎదిగిన పిడుదుకు ఎనిమిది. ఆరే ఉండి, పాకకుండా పరుగెడుతుంటే అది రెక్కలు రాల్చుకున్న జింక ఈగ కావచ్చు. వెంట్రుకలకు ఈపులు అంటుకుని ఉంటే పేలు. వాషింగ్టన్, ఒరెగాన్‌లలో నల్లతోక జింకల బొచ్చు ఊడటానికి 1990ల నుంచి పరాయి జాతి పేలు కారణమవుతున్నాయి.

ఇవన్నీ తోలు వరకే. మాంసం తినవచ్చు. కానీ తోలు కింద చీము ఉన్నా, దుర్వాసన వచ్చినా, మూత్రపిండాల చుట్టూ కొవ్వు నీళ్లోడే జెల్లీలా మారినా తినకండి. బక్కచిక్కిన జింకను చూసి నేరమంతా గజ్జి మీద వేయకండి. మెదడుకు సోకే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ కూడా జంతువును అలాగే ఎండగడుతుంది. రాష్ట్ర వన్యప్రాణి శాఖకు చెప్పి పరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా మాంసం ముట్టకండి.

గజ్జి పురుగు పరీక్షకు చర్మం నమూనా తీసేటప్పుడు చాలామంది పుండు మధ్యలో గీకుతారు. అక్కడ పురుగు దొరకడం కష్టం. బాగున్న బొచ్చూ బోడి చర్మమూ కలిసే అంచున, గ్లవ్స్ వేసుకుని, రక్తపు చెమ్మ కనబడేదాకా బ్లేడుతో గీకి 70 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. పక్కుల్ని, తోలు ముక్కను విడిగా జిప్ కవర్లలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రీజర్‌లో పెడితే కణజాలం పాడవుతుంది.

జంతువు ఒళ్లు చల్లబడేకొద్దీ పిడుదులు దాన్ని వదిలి కొత్త ఒంటి కోసం వెతుకుతాయి. కళేబరాన్ని కారు సీటు దగ్గరా, ఇంటి గుమ్మం ముందూ ఉంచకండి. ఒంటికి పట్టిన పిడుదును సన్నమొన పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగండి.

– ఒక పాఠకుడు