డేటా సెంటర్‌కే అన్నాను బాబ్జీ

ఒరేయ్ బాబ్జీ,

ఆఫీసుకి ఏ సర్వర్ కొనమంటావురా అని నువ్వు అడిగి రెండు నెలలు దాటింది. ఇన్నాళ్లూ ఉలకలేదు, పలకలేదు. తిట్టుకో, తప్పులేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. నా పరువు పోయిన కథ చెప్పకుండా నీకు సలహా ఇవ్వలేను, ఆ కథ చెప్పడానికేమో మొహం చెల్లలేదు. అమ్మ కంటి ఆపరేషన్ బాగానే అయింది. బుడ్డోడు రెండో తరగతి. మా ఆవిడ నిన్ను అడిగానని చెప్పమంది. కబుర్లు అయిపోయాయి, ఇక విను.

ఇంట్లో సర్వర్లతో ప్రయోగాలకి ఒక ల్యాబ్ పెట్టుకోవాలని నాకెంత పిచ్చో నీకు తెలుసుగా. అరియర్స్ పడ్డాయి. ఆ శనివారమే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పరిగెత్తాను. కంపెనీలు తీసిపారేసిన సర్వర్లు అమ్మే కొట్టు ఒకటుంది. కుర్రాడు మర్యాదగానే అడిగాడు, "ఇంటికా సార్, డేటా సెంటర్‌కా?" అని. ఇంటికి బాబూ అంటే అయిపోయేది. పక్కన మెడలో ఐడీ కార్డులేసుకుని ఇద్దరు నిలబడ్డారు. నా నోటికేం పుట్టిందో, "డేటా సెంటర్‌కే" అనేశాను. నవ్వకు. వార్డెన్‌కి నువ్వు చెప్పిన కొబ్బరికాయ జవాబు కంటే ఇది నయమే.

ఆ మాట అన్నాక వాడు మాత్రం ఏం చేస్తాడు! డెల్ ఆర్ 630 తీసి బల్ల మీద పెట్టాడు. ఒక యూ సర్వర్. అంటే ఎత్తు అంగుళం ముప్పావు, అంతే. రెండు జియాన్ ప్రాసెసర్లు, ఒక్కోదానికి 14 కోర్లు (అంటే లెక్కలు చేసే మెదళ్లు), మెమరీకి 24 స్లాట్లు. ఇంత సన్నగా ఉంది, చప్పుడు కూడా అంతే ఉంటుంది, మా ఆవిడకి కనపడదు, వినపడదు అనుకున్నాను.

ఆటోలో పసిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకుని అల్వాల్ తెచ్చాను. గోడకి బిగించే ర్యాక్ ముందే తెప్పించి ఉంచా. దాని వెడల్పు 19 అంగుళాలు, అది చూసుకున్నాను. లోతు చూసుకోలేదు. ర్యాక్ లోతు 45 సెంటీమీటర్లు, సర్వర్ పొడవు 70 పైనే. నీ కాళ్లు హాస్టల్ మంచం దాటి బయటికొచ్చేవి చూడు, అలా వేలాడింది. చివరికి దివాన్ మీద పడుకోబెట్టాను.

రాత్రి పదిన్నరకి స్విచ్ వేశాను. మొదట ఒక్కసారిగా హోరు. ఏ సర్వరైనా లేచేటప్పుడు అరుస్తుంది, తర్వాత తగ్గుతుందిలే అనుకున్నా. తగ్గింది కూడా. కానీ ఒక యూ పెట్టెలో పట్టేవి నాలుగు సెంటీమీటర్ల బుల్లి ఫ్యాన్లు. పెద్ద రెక్క నింపాదిగా తోసే గాలిని ఇవి తోయాలంటే నిమిషానికి వేలసార్లు తిరగాలి. హోరు కాదురా అది, కూత. పళ్ల డాక్టరు దగ్గర పక్క గదిలోంచి వినిపిస్తుందే, అదీ. అక్కడితో ఆగినా బాగుండు. ఎక్కడో కొన్న పాత 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు ఒకటి దూర్చి మళ్లీ వేశాను. అది డెల్ కార్డు కాదు. దాని వేడి ఎంతో లోపలున్న ఐడ్రాక్‌కి, అంటే సర్వర్‌ని కనిపెట్టుకుని ఉండే డెల్ చిప్‌కి, అంతుపట్టదు. అంతుపట్టకపోతే ఎందుకైనా మంచిదని ఫ్యాన్లు పెంచేస్తుంది. పెంచింది.

పావుగంటకి తలుపు దబదబా. కింద ఓనర్ అంకుల్, బనీనుతో, చేతిలో టార్చిలైటు. "బాబూ, బోరు మోటారు నీళ్లు లేకుండా తిరుగుతున్నట్టుంది. స్విచ్ కట్టేసినా ఆగట్లేదు. కాస్త వచ్చి చూస్తావా?"

చెప్పేయాలి కదా! చెప్పలేదురా. చెప్పులేసుకుని ఆయన వెనకే దిగాను. స్టార్టర్ డబ్బా మూత తీసి, ఏదో తెలిసినట్టు "ఊఁ" అన్నాను. పైనుంచి కూత వినిపిస్తూనే ఉంది. ఆయన విసిగిపోయి బిల్డింగ్ మెయిన్ దించేశారు. అంతా చీకటి, నిశ్శబ్దం. "చూశావా, మోటారే!" అన్నారు అంకుల్, గెలిచినట్టు. మళ్లీ మెయిన్ వేసేలోపు మా ఆవిడ పైన వైర్లు పీకేసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే కరెంటు రాగానే అది తనంతట తానే లేచి కూసేది. పొద్దున ఆయన మెకానిక్‌ని పిలిపించి మూడొందలు ఇచ్చారు. వాడు కూడా ఏదో బుష్ మార్చానన్నాడు! ఆ మూడొందలు ఇంకా నా మీదే ఉన్నాయి. ఒక్కరోజులో రెండు అబద్ధాలు, రెండూ అవసరం లేనివే. నాన్న ఉండుంటే... సరే, వదిలెయ్.

సోమవారం కొట్టుకెళ్లి ఒప్పుకున్నాను. కుర్రాడు నవ్వి ఆర్ 730 ఇచ్చాడు. నాలుగు వేలు ఎదురు పెట్టాను. ఇది రెండు యూ, ఫ్యాన్లు పెద్దవి. ప్రాసెసర్లు, మెమరీ పాతదాంట్లోవే తీసి దీన్లో పెట్టాడు. సర్వర్‌కి లోపలి ఆజ్ఞలిచ్చే ఐపీఎంఐ టూల్‌తో, ఐడ్రాక్‌కి ఆ బయటి కార్డు భయం కూడా మాన్పించాను. ఇప్పుడు స్టోర్ రూములో ఉంది, తలుపేస్తే టేబుల్ ఫ్యానంత. కాకపోతే ఊరికే కూర్చుంటేనే 130 వాట్లు తాగుతోంది. మీటరు పెట్టి చూశాను. నెలకి 93 యూనిట్ల పైమాటే. స్లాబ్ మారింది. బిల్లు మా ఆవిడకి ఇంకా చూపించలేదు, ఇది మూడో అబద్ధం అనకు.

ఇక నీ సంగతి. ఆడిటర్ ఆఫీసు, ఎనిమిది మంది, ట్యాలీ. నాలాగా పాతది 28 కోర్లది చవగ్గా వస్తోందని కొనకు. విండోస్ సర్వర్ లైసెన్సు కోర్ల లెక్కన కట్టాలి. ఎంత చిన్న సర్వరైనా 16 కోర్లకి తక్కువ కాకుండా కట్టాల్సిందే, 28 ఉంటే 28కీ. పెట్టెకంటే లైసెన్సుకే ఎక్కువ అవుతుంది. నేను విండోస్ బదులు వాడే ప్రాక్స్‌మాక్స్ (ఒకే సర్వర్‌ని చాలా కంప్యూటర్లలా వాడుకోనిచ్చే సాఫ్ట్‌వేర్) ఉచితం కాబట్టి చెల్లింది. ట్యాలీకి కావాల్సింది బోలెడు కోర్లు కాదు, వేగంగా నడిచే కొన్ని కోర్లు. ఒక్క ప్రాసెసర్ ఉన్న కొత్త టవర్ సర్వర్ (డెస్క్‌టాప్ డబ్బాలా నిలబెట్టేది) తీసుకో, వారంటీతో. నీకు ర్యాకే లేదు, ర్యాక్ సర్వర్ దేనికి? షోకుకా? డిస్కులు రెండు జతగా, ఒకదానికొకటి నకలుగా పెట్టించు, కానీ దాన్నే బ్యాకప్ అనుకోకు. ఎవడో ఫైలు చెరిపితే రెండింట్లోనూ చెరిగిపోతుంది. బ్యాకప్ వేరే చోట ఉండాలి, నీ ఇంట్లో అయినా సరే. మెమరీ మాత్రం పాత డెస్క్‌టాప్‌లోంచి పీకి పెట్టకు. నేను పెట్టాను. స్లాట్‌లో చక్కగా పట్టింది, సర్వర్ లేవలేదు. దానికి రిజిస్టర్డ్ మెమరీ కావాలట. నీ టవర్‌కి ఏ రకం కావాలో కొట్టువాణ్ణి అడిగి

కరెంటు పోయిందిరా. యూపీఎస్ కీచుమంటోంది, పది నిమిషాలకంటే ఆగదు, ఈలోగా సర్వర్‌ని పద్ధతిగా పడుకోబెట్టాలి. కిందనుంచి అంకుల్ పిలుస్తున్నారు, మోటారు మళ్లీ ఏదో కూస్తోందట.