వార్షిక నివేదిక: ప్రజా రవాణా ప్రాంగణాల్లో ఆత్మహత్యల నివారణకు మన సంఘం చేసిన పని

గౌరవనీయ సభ్యులకు, కార్యవర్గ మిత్రులకు నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి సమర్పించవలసిన నివేదిక ఇది. సంఘం ఎందుకు ఏర్పడిందో మీకు కొత్తగా చెప్పనక్కర లేదు కనుక నేరుగా కృతజ్ఞతలతో మొదలుపెడతాను. శిక్షణకు హాలు ఇచ్చినవారికి, పారితోషికం పుచ్చుకోకుండా రోజంతా మాతో గడిపిన మానసిక వైద్యులకు, కరపత్రాల అచ్చు ఖర్చు భరించిన సభ్యుడికి, సెలవు రోజు వదులుకొని వచ్చిన స్టేషన్ సిబ్బందికి, ప్రతి కాగితాన్నీ జాగ్రత్త చేసిన కోశాధికారికి సంఘం రుణపడి ఉంది. పేర్లు రాయడం మొదలుపెడితే ఒకటో రెండో జారిపోయి ఏడాది పొడవునా నిష్ఠూరాలు మిగులుతాయని గతంలో తెలిసివచ్చింది కనుక ఈసారి ఎవరి పేరూ రాయడం లేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది సెప్టెంబర్ 10న, ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం నాడు జరిపిన శిక్షణ. 2003 నుంచి వివిధ దేశాలు పాటిస్తున్న ఈ రోజును మనం ఇంతవరకు కొవ్వొత్తులతో, ప్రసంగాలతో సరిపెట్టేవాళ్లం. ఈసారి టికెట్ కౌంటర్లో కూర్చునేవారిని, ప్లాట్‌ఫాం మీద విధుల్లో ఉండేవారిని, పారిశుద్ధ్య కార్మికులను, రైలు నడిపేవారిని, రోజూ ప్రయాణం చేసే మన సభ్యులను ఒకే గదిలో కూర్చోబెట్టాం. నేర్పినది చూడటానికి చాలా చిన్న విషయం. వచ్చిన రైలు ఎక్కకుండా, అందరికీ దూరంగా, లోకంతో పని లేనట్టు కూర్చున్న మనిషి కనిపిస్తే దగ్గరికి వెళ్లి మామూలు మాటేదైనా కలపాలి. బదులు వచ్చాక సలహాలు గుప్పించకుండా వినాలి. అనుమానం బలపడితే చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగాలి. సహాయం అందేవరకు ఒంటరిగా వదలకూడదు.

ఆ మూడో మెట్టు దగ్గరే అందరూ ఆగిపోయారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామంది భయపడ్డారు. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరగవని పరిశోధనలు చెబుతున్న సంగతిని వైద్యులు ఓపికగా వివరించారు. అయినా చావు మాట నోట రావడమే అశుభమనుకుంటూ పెరిగిన మనకు అది అంత తేలికగా రాదు. ఏళ్ల తరబడి టికెట్లు తనిఖీ చేసిన ఒక ఉద్యోగి జంట అభ్యాసంలో రెండుసార్లు ఆ ప్రశ్న దాకా వచ్చి, మాట మార్చి, ఎక్కడికి వెళ్లాలని అడిగి ఊరుకున్నారు. మూడోసారి గొంతు తగ్గించి అడగగలిగారు. ఆ రోజు నేను చూసిన వాటిలో ఇంతకంటే పెద్ద విజయం లేదు. ఈ పద్ధతికి ఒరవడి బ్రిటన్‌ది. మనసు కుంగినవారి మాట వినే అక్కడి స్వచ్ఛంద సంస్థ సమారిటన్స్ 2010లో రైల్వే వ్యవస్థతో కలిసి సిబ్బందికి ఇలాంటి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. 2017లో ప్రారంభించిన ప్రచారంలో తోటి ప్రయాణికులను కూడా పలకరించమని కోరింది.

మధ్యాహ్నం మాట్లాడిన రైలు డ్రైవరు గురించి ప్రత్యేకంగా రాయాలి. ఎదురుగా జరుగుతున్నది కళ్లారా చూస్తూ, చేయగలిగినదంతా చేసి కూడా ఏమీ ఆపలేకపోవడం ఎలా ఉంటుందో ఆయన చాలా తక్కువ మాటల్లో చెప్పారు. ఆ తర్వాత నెలల పాటు నిద్ర పట్టలేదని, పై నుంచి వచ్చిన మొదటి ప్రశ్న తిరిగి విధుల్లో ఎప్పుడు చేరతారన్నదేనని చెప్పినప్పుడు గదిలో ఎవరూ కదల్లేదు. ఒక్క ఘటనతో రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి, సొరంగాల్లో ప్రయాణికులు చిక్కుకుంటారు, సిబ్బంది విధుల పట్టిక సాయంత్రం దాకా తలకిందులవుతుంది. ఇవన్నీ రవాణా యాజమాన్యం లెక్కల్లో నిమిషాల ఆలస్యంగా నమోదవుతాయి. డ్రైవరు, మొదట పరిగెత్తుకొచ్చిన కాపలాదారు, శుభ్రం చేసిన కార్మికుడు, చూసిన ప్రయాణికులు, తలుపు చప్పుడైతే ఇంకా ఉలిక్కిపడే కుటుంబం మాత్రం ఏ పట్టికలోనూ కనబడరు. మన సంఘం పని ఆ పట్టికలో లేనివాళ్ల కోసం కూడా.

చావబోయేవారిని ఒకచోట ఆపితే ఇంకోచోటికి పోతారు కదా అన్న మాట ఈ ఏడాది కూడా విన్నాం. ఒక బాధ్యత గల అధికారి నోటే విన్నాం. ఒక వంతెన దగ్గర 1937 నుంచి 1971 వరకు ఆత్మహత్య చేసుకోబోతుండగా అడ్డుకోబడిన 515 మంది తరువాతి జీవితాన్ని పరిశోధకుడు రిచర్డ్ సైడెన్ పరిశీలించి 1978లో ప్రచురించారు (చోటు పేరు చెప్పకూడదన్న మన నియమం ప్రకారం ఆ వంతెన పేరు రాయడం లేదు). వారిలో దాదాపు 94 శాతం మంది అప్పటికి బతికే ఉన్నారు, లేదా సహజ కారణాలతో మరణించారు. ఆ తీవ్రమైన ఘడియ దాటించగలిగితే మనిషి నిలబడే అవకాశం ఎంత ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. సియోల్ మెట్రోలో 2003, 2012 మధ్య 121 స్టేషన్లను పరిశీలించినవారు ప్లాట్‌ఫాం అంచున గాజు తలుపులు అమర్చాక మరణాలు 89 శాతం తగ్గాయని తేల్చారు. సింగపూర్ భూగర్భ స్టేషన్లలో ఇలాంటి తలుపులు 1987 నుంచే ఉన్నాయి. రైళ్లన్నీ ఒకే రకంగా ఉండి, తలుపుకు తలుపు సరిపోయేలా ఆగాలి కనుక పాత స్టేషన్లలో ఇది కష్టమైన, ఖరీదైన పని అన్న సంగతి మనకు తెలుసు. కాబట్టి అది వచ్చేలోగా హెల్ప్‌లైన్ బోర్డులైనా పెట్టమని రవాణా యాజమాన్యాన్ని అడిగాం. మూడు ఉత్తరాలు రాశాం. మొదటి దానికి పరిశీలిస్తామన్నారు, రెండో దానికి అధికారి మారారన్నారు, మూడోది ఏ బల్ల మీద ఉందో ఎవరూ చెప్పలేదు. ఇంతలో, మనసును శాంతపరుస్తాయని కొందరు నమ్మే నీలి దీపాలు ప్లాట్‌ఫాం మీద పెడితే చాలదా అని యాజమాన్యం కార్యాలయం నుంచే ఒక సలహా వచ్చింది. జపాన్‌లో 71 స్టేషన్ల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనం 84 శాతం తగ్గుదల చూపిన మాట నిజమే కానీ, అసలు ప్రభావం 14 నుంచి 97 శాతం దాకా ఎంతైనా కావచ్చని అదే అధ్యయనంలో ఉంది. చవకైనది కాబట్టి నచ్చిందేమో అనిపిస్తుంది.

పత్రికల విషయంలో కొంత కదలిక వచ్చింది. వియన్నాలో 1987లో మెట్రో ఆత్మహత్యల వార్తలు ఎలా రాయాలో సూచనలు తయారుచేసి పత్రికలకు ఇచ్చాక, ఆ ఏడాది రెండో సగంలోనే మెట్రోలో ఆత్మహత్యలు, ప్రయత్నాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఆ ఉదాహరణతోనే విలేకరులను కలిశాం. విధానం, చోటు, ఫొటో వద్దన్నాం. సహాయం ఎక్కడ దొరుకుతుందో చివరన వేయమన్నాం. భాష గురించీ మాట్లాడాం. దోపిడీకి పాల్పడ్డాడు, మోసానికి పాల్పడ్డాడు అని నేరాలకు వాడే క్రియనే ఆత్మహత్యకూ వాడుతున్నాం. అఘాయిత్యం అంటున్నాం. ప్రాణాలతో బయటపడినవాడి ప్రయత్నం విఫలమైందంటున్నాం, బతకడమే ఒక ఓటమి అయినట్టు. ఇకపై సంఘం కాగితాల్లో 'ఆత్మహత్యతో మరణించారు', 'బతికి బయటపడ్డారు' అని మాత్రమే రాయాలని కార్యవర్గం తీర్మానించింది. ఒక పత్రిక మన సూచనలు పాటిస్తోంది. మరొకటి ఆ మరుసటి వారమే ఫొటోతో సహా మొదటి పేజీలో వేసింది.

ఇక చెప్పక తప్పని మాట. సాయంత్రం ప్లాట్‌ఫాం మీద ఉండి ఒంటరిగా కనిపించినవారిని పలకరించే విధులకు పేరిచ్చిన సభ్యుల్లో సగం మంది కూడా రాలేదు. ఫోన్ సమూహంలో సరేనని బొటనవేలి గుర్తు పెట్టినంత మాత్రాన ప్లాట్‌ఫాం మీద మనిషి ఉన్నట్టు కాదు. రద్దీ తగ్గాక ఉండవలసిన వంతు ఏడాదిలో ఎక్కువ భాగం ముగ్గురే మోశారు. వారిలో ఒకరు విశ్రాంత ఉద్యోగిని, మోకాళ్ల నొప్పితోనే వచ్చారు. వరుసగా విధులు చేసినవారికి కూడా అలసట, కలత ఉంటాయి, వారి మాట వినడానికీ ఎవరైనా ఉండాలి. నెలకొకసారి అందుకోసం పెట్టిన సమావేశానికి హాజరు బాగానే ఉంది, టీ ఉండటం వల్ల కూడా కావచ్చు.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో ఈ నివేదికకు జతపరిచాం. చందాలే ప్రధాన ఆదాయం, శిక్షణే ప్రధాన వ్యయం, స్వల్పంగా మిగులు ఉంది. బకాయి చందాలు ఉన్నవారు తమ పేరు పట్టికలో చూసుకోగలరు.

వచ్చే ఏడాదికి శిక్షణను బస్సు సిబ్బందికి విస్తరించాలని, ఘటన చూసిన డ్రైవర్లకు సెలవు, కౌన్సెలింగ్ హక్కుగా ఇవ్వాలని యాజమాన్యానికి వినతిపత్రం ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. నాలుగో ఉత్తరం కూడా సిద్ధంగా ఉంది; సమావేశంలో చదివి వినిపించి, సభ్యుల సంతకాలతో పంపుతాం. ఈ నివేదిక చదువుతున్న సభ్యుల్లో ఎవరికైనా మనసు బరువుగా ఉంటే, బతకాలని లేదనిపిస్తే, సమావేశం దాకా ఆగవద్దు; నమ్మిన మనిషికో, మీ ప్రాంతపు హెల్ప్‌లైన్‌కో, కార్యవర్గంలో ఎవరికో ఇప్పుడే ఫోన్ చేయండి. రాత్రి వేళైనా సరే. సాయంత్రపు విధుల కొత్త పట్టిక హాలు ద్వారం దగ్గర బల్ల మీద ఉంటుంది. నిజంగా రాగలిగిన రోజులకే పేరు రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయ,
కార్యదర్శి