మాంట్రోస్ వుల్ఫ్ గురించి రఘుకు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. ప్రొఫెసర్ ఉద్యోగమంటే అచ్చయిన పేపర్ల లెక్కేనని విసుక్కున్నావు గనుక, నేను ఎంతో గౌరవించే ఒక ప్రొఫెసర్ సంగతి చెబుతాను. ఆయన మాంట్రోస్ వుల్ఫ్. 1935లో హ్యూస్టన్‌లో పుట్టి, ఉద్యోగ జీవితంలో అధికభాగం కాన్సాస్ విశ్వవిద్యాలయంలో గడిపాడు. అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ అనే మా రంగానికి, అంటే మనుషుల ప్రవర్తనను గమనించి, కొలిచి, మార్చే శాస్త్రానికి, 1968లో మొదలైన పత్రికకు తొలి సంపాదకుడూ ఆయనే.

అంతకుముందు వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నప్పుడు డికీ అనే మూడున్నరేళ్ళ పిల్లవాడి కేసు ఆయన చేతికి వచ్చింది. శుక్లాల ఆపరేషన్‌లో కళ్ళలోని కటకాలు తీసేశారు కాబట్టి కళ్ళజోడు పెట్టకపోతే చూపే పోతుందని డాక్టర్ల భయం. వాడేమో దాన్ని దగ్గరకే రానిచ్చేవాడు కాదు. వుల్ఫ్ బృందం అద్దాలు లేని ఉత్త ఫ్రేములను గదిలో అక్కడక్కడా పెట్టి, వాడు ఒకదాన్ని ముట్టుకుంటే ఒక మిఠాయి ముక్క, పట్టుకుంటే ఇంకొకటి, కళ్ళ దాకా తెస్తే మరొకటి ఇస్తూ పోయింది. చివరికి రోజుకు పన్నెండు గంటలు పెట్టుకున్నాడు. 1964లో అచ్చయిన ఆ పేపర్‌ను మా రంగంలో చదవనివారు అరుదు.

అయితే నాకు నచ్చేది ఆ గెలుపు కాదు, తరువాతి ఓటమి. 1967లో కాన్సాస్‌లోని లారెన్స్ ఊళ్ళో, తప్పుదారి పట్టిన కుర్రవాళ్ళకోసం ఒక దంపతుల పెంపకంలో నడిచే ‘అచీవ్‌మెంట్ ప్లేస్’ అనే ఇల్లు మొదలైంది. మంచి నడతకు పాయింట్లిచ్చి, వాటితో సౌకర్యాలు సంపాదించుకోనిచ్చే అక్కడి పద్ధతినే మరో ఇంట్లో పెడితే అది నడవలేదు. మొదటి దంపతుల ఆప్యాయతను ఎవరూ కొలవలేదు గనుక అది కాగితాలకెక్కలేదు, కాగితాలలో లేనిది రెండో ఇంటికి చేరలేదు. అప్పుడు కుర్రవాళ్ళనే అడిగితే, నెమ్మదిగా మాట్లాడే పెద్దలు కావాలన్నారు. 1978 నాటి వ్యాసంలో, మన లక్ష్యాలూ పద్ధతులూ ఫలితాలూ బాగున్నాయో లేదో అనుభవించేవారే చెప్పాలని వుల్ఫ్ రాశాడు. అంకెలే లోకమనుకునే మావాళ్ళ మధ్య, అందులోనూ సంపాదకుడిగా పనిచేసిన మనిషి ఆ మాట రాయడానికి ధైర్యం కావాలి.

ఆ వ్యాసం చదవకముందు నేను ఒక పిల్లవాడు చేతులు ఆడించే అలవాటును మాన్పించాను. గ్రాఫ్ చక్కగా కిందికి దిగింది. దాన్ని చూపిస్తే వాళ్ళమ్మ, “సంతోషం వేసినప్పుడే అలా ఆడించేవాడండీ, ఇప్పుడు వాడికి ఎప్పుడు సంతోషంగా ఉందో నాకు తెలియడం లేదు” అన్నది.

నీ,
శ్రీను