జూన్‌లో బడిబాట, నవంబరులో పిల్లలు

సంపాదకుడికి నమస్కారం.

ఏటా జూన్‌లో, పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించే బడిబాట నడుస్తుంది. టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు, బ్యానర్లు కడతారు, కొత్తగా చేరిన పిల్లలతో ఫోటోలు దిగుతారు. మంచిదే. కానీ మా పెద్దపల్లి జిల్లా ఇటుక బట్టీల పిల్లలు ఆ నెలలో ఇక్కడ ఉండరు. దీపావళి దాటాక వస్తారు, తొలకరి పడేలోపు వెళ్లిపోతారు. బడిబాట ఊళ్లో తిరిగేటప్పుడు వాళ్లు లేరు, వాళ్లు వచ్చాక బడిబాట లేదు.

బట్టీలకు పోయే దారిలో నాకు కిరాణా కొట్టుంది. అందుకే ఈ సంగతి నాకు కాస్త దగ్గరగా తెలుసు. వచ్చేవాళ్లు ఎక్కువగా పశ్చిమ ఒడిశా వాళ్లు. బలంగీర్, నువాపడా, కలహండి, బర్గఢ్ జిల్లాల వాళ్లు. అక్కడ నువాఖాయి అనే కొత్త బియ్యం పండుగ రోజుల్లో, కూలీలను కుదిర్చే సర్దార్ అడ్వాన్సు ముట్టజెబుతాడు. అది ఒక మనిషికి ఇచ్చేది కాదు, జట్టుకు ఇచ్చేది. జట్టంటే మొగుడూ పెళ్లాం, తోడు ఇంకొకరు. ఆ ఇంకొకరు చాలాసార్లు వాళ్ల పిల్లే. కూలి వెయ్యి ఇటుకల లెక్కన కడతారు కాబట్టి ఎన్ని చేతులు పడితే అన్ని ఇటుకలు. చీకటితో లేచి అచ్చు పోస్తారు. పోసిన పచ్చి ఇటుకలు ఎండడానికి ఒక్కొక్కటీ తిప్పి పెట్టాలి. పెద్దవాళ్ల బరువుకు అవి చెదిరిపోతాయి, పిల్లలైతే తేలిగ్గా ఉంటారు. అందుకని ఆ పని పిల్లలకు పడుతుంది. కాస్త ఎదిగిన ఆడపిల్ల ఉంటే గుడిసె దగ్గర చంటిదాన్ని చూసుకునే పని కూడా ఆమెదే.

వారానికోసారి బట్టీ సేటు ఖర్చులకు పైసలిస్తాడు. ఆ సాయంత్రం నా కొట్టు కిటకిటలాడుతుంది. నిరుడు ఒక అమ్మాయి తల్లితో వచ్చేది, పదేళ్లుంటాయేమో. బియ్యం, నూనె, ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, సబ్బు అని నేను చెబుతుంటే బిస్కెట్ల అట్టముక్క మీద ధరలు రాసుకునేది. అన్నీ ఒడియా అంకెలే, నాకు ఒక్కటీ అర్థమయ్యేది కాదు. కింద గీత గీసి కూడిక చేసి, నా కాలిక్యులేటర్ వైపు చూసి తలూపేది. ఈ సీజన్లో మళ్లీ వచ్చింది. ఏ క్లాసమ్మా అంటే మళ్లీ పోయినేటి క్లాసే చెప్పింది. అక్కడి బడి రిజిస్టర్లో పేరుంది, పరీక్షల నాటికి మనిషి ఇక్కడ ఉంది. ఇక్కడి బడిలో మనిషీ లేదు, పేరూ లేదు.

బట్టీల దగ్గర బడి అసలు పెట్టరా అంటే, పెడతారు. ఒడియా వచ్చిన వాలంటీర్‌ను తెస్తారు, ఒడిశా నుంచి పుస్తకాలు తెప్పిస్తారు. ఏ బట్టీలో ఎందరు పిల్లలున్నారో లెక్క తేలి, పైనుంచి మంజూరు వచ్చి, మనిషి దొరికి, రేకుల షెడ్డులో నల్లబల్ల వేలాడేసరికి మా దగ్గర సంక్రాంతి వెళ్లిపోయింది. ఏప్రిల్‌లో సెలవులిచ్చేశారు. ఉండే ఏడు నెలల్లో చదువు చెప్పింది మూడు నెలలు. పాఠం చెప్పే వాలంటీరు అమ్మాయికి నెల గౌరవ వేతనం ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదు. ఆమెను తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఉన్నన్నాళ్లూ బాగా చెప్పింది.

దీనికి కొందరు చెప్పే మందు ఒకటుంది: ‘మన రాష్ట్రానికి వచ్చారు కదా, మన సర్కారు బడిలో కూర్చోబెడితే సరిపోతుంది, తెలుగు అదే వస్తుంది.’ మాట్లాడే తెలుగు నిజంగానే వస్తుంది. రెండు నెలల్లో ఈ పిల్లలు నాతో బేరమాడతారు. అయితే 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టి, ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉండే పుస్తకాలు ఇస్తున్నారు. మూడో తరగతి ఒడియా పిల్లవాడి ముందు ఆ పుస్తకం పెడితే ఎడమ పేజీ వాడిది కాదు, కుడి పేజీ కూడా వాడిది కాదు. పైగా సీజన్ అయ్యాక మళ్లీ తన ఊరి బడికి పోవాల్సినవాడు. ఎప్పటికీ ఇక్కడే స్థిరపడే కుటుంబమైతే తెలుగు నేర్పాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఏటా తిరిగి వెళ్లేవాడికి మాత్రం తను వదిలి వచ్చిన పాఠం నుంచి కొనసాగించడమే న్యాయం.

ఇది దయతో చేసే పని కూడా కాదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించమని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రానికీ స్థానిక సంస్థకూ చెబుతుంది. 1956 నుంచీ ఉంది. అంతకుముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది: బడి మొత్తం మీద 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే ఆ భాష టీచర్‌ను ఇవ్వాలని. మా దారిలో ఒక్కో బట్టీ దగ్గర ఆ 10 మంది ఇట్టే తేలతారు. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత స్థానిక సంస్థదేనని 2009 నాటి విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ రాసిపెట్టింది. టీసీ లేదని ఆపకూడదనీ అదే చట్టంలో ఉంది. మా పంచాయతీ సమావేశాల్లో మాత్రం వీధి దీపాలు, డ్రైనేజీ తప్ప ఈ మాట నేనెప్పుడూ వినలేదు.

తెలుగు కాని మీడియం మనకు కొత్త కూడా కాదు. ఆదిలాబాద్ వైపు మరాఠీ బడులున్నాయి, నారాయణపేట వైపు కన్నడ బడులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఒడియా మీడియం బడులు ఎప్పటి నుంచో నడుస్తున్నాయి. వాళ్లంతా అక్కడే స్థిరపడ్డవాళ్లు, ఓటున్నవాళ్లు. బట్టీ కూలీ ఓటు బలంగీర్‌లో ఉంటుంది. అడగడానికి వాళ్లకు ఇక్కడ సర్పంచీ లేడు, ఎమ్మెల్యే లేడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన పాలమూరు మేస్త్రీలు, కరీంనగర్ వైపు పద్మశాలీలు పని కోసం బొంబాయి, భివండీ, షోలాపూర్ వెళ్లారు. ముంబై కార్పొరేషన్ ఎనిమిది మాధ్యమాల్లో బడులు నడుపుతుంది, వాటిలో తెలుగొకటి. ఈమధ్య ఆ తెలుగు బడుల్లో పిల్లలు తగ్గిపోయారు, అది వేరే కథ. కూలీ పిల్లలకు వాళ్ల భాషలో బడి పెట్టాలన్న బుద్ధి అక్కడి మున్సిపాలిటీకి ఉంది. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి చేసినప్పుడు హోసూరు వైపు తెలుగువాళ్ల పిల్లలు ఏమైపోతారని మనమంతా బాధపడ్డాం. కోర్టులకెక్కితే మినహాయింపులొచ్చాయి, 2023లో సుప్రీంకోర్టు కూడా ఇంకో ఏడాది పొడిగించింది. ఆ వార్తలు మీ పత్రికలో చదివి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. హోసూరులో మనం అడిగిందే బట్టీ మీది పిల్లకు కూడా వర్తిస్తుంది కదా.

నేనడిగేవి పెద్ద కోరికలేమీ కావు. ఒకటి, లెక్క. బట్టీలకు కూలీలు ఏ వారంలో దిగుతారో ఊళ్లో అందరికీ తెలుసు. బియ్యం వ్యాపారికి తెలుసు, ఆర్‌ఎంపీకి తెలుసు. విద్యాశాఖ జనవరిలో సర్వే చేసే బదులు నవంబరు మొదటి పక్షంలో చేస్తే చాలు. వాలంటీర్ల నియామకం, పుస్తకాల ఇండెంటు అక్టోబరులోనే తెమలాలి. ఎంతమంది వస్తారన్నది నిరుటి లెక్కను బట్టి దాదాపు తెలిసిపోతుంది. బడి కూలీలు వెళ్లేదాకా నడవాలి. వేసవి సెలవులని ఏప్రిల్‌లో తాళం వేస్తే పిల్లలు నేరుగా అచ్చుల దగ్గరికే పోతారు.

రెండోది దీనికంటే ముఖ్యం. ఇక్కడ చదివింది అక్కడ చెల్లాలి. ఇప్పుడు ప్రతి విద్యార్థికీ, దేశంలోని బడుల వివరాలెక్కించే యూడైస్ పోర్టల్‌లో శాశ్వత నంబరుంది. పిల్లవాడు ఒడిశా బడి నుంచి కనబడకుండా పోతే పేరు డ్రాప్‌బాక్సులో, అంటే ఏ బడిలోనూ లేనివాళ్ల జాబితాలో పడుతుంది. అదే నంబరు మీద ఇక్కడి బట్టీ బడిలో హాజరు, పరీక్ష మార్కులు ఎక్కించి పంపితే ఆ అమ్మాయి రెండేళ్లు ఒకే క్లాసులో ఉండిపోదు. 2012లో కార్మికుల విషయంలో ఒడిశా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖలు ఒప్పందం చేసుకున్నాయి. విద్యాశాఖలు చేసుకోవడానికి అడ్డేముంది?

పిల్లల్ని ఊళ్లోనే ఉంచేలా ఒడిశా సర్కారు సీజన్ హాస్టళ్లు నడుపుతోంది కదా అని అడగొచ్చు. నడుపుతోంది, మంచి పనే. కానీ చంటిబిడ్డను చూసుకోవడానికి తీసుకొచ్చిన పదేళ్ల అక్క హాస్టల్లో ఉండదు. కాబట్టి బట్టీ దగ్గర బడితో పాటు చంటిపిల్లలకు అంగన్‌వాడీ కూడా ఉండాలి. లేదంటే ఆ అక్క తమ్ముణ్ని చంకనేసుకునే బడికి రావాలి, రెండు రోజులొచ్చి మానేస్తుంది. షెడ్డు, నీళ్లు, మరుగుదొడ్డి ఇవ్వమని బట్టీ యజమానులను అడగొచ్చు. ఇవ్వనివాళ్లకు అనుమతుల దగ్గర మెలిక పెట్టొచ్చు.

ఈసారి అడ్వాన్సులు ఆగస్టు, సెప్టెంబరులో పంచేస్తారు. జిల్లా విద్యాశాఖ ఉత్తర్వు కూడా ఆ రోజుల్లోనే బయటికి రావాలని మీ పత్రిక ద్వారా కలెక్టరు గారిని కోరుతున్నాను.

– ఒక కిరాణా దుకాణదారు,
పెద్దపల్లి జిల్లా