విద్యాశాఖ కమిషనర్ గారికి ఓ లెక్కల టీచర్ బహిరంగ లేఖ
కమిషనర్ గారూ, నమస్కారం.

క్లాసులకి మళ్ళీ కొత్త ట్యాబ్‌లు కొంటున్నారట, సంతోషమే సార్. కానీ పోయినసారి ఇచ్చినవాటితో పిల్లలు ఏం నేర్చుకున్నారో ఎవరైనా కొలిచారా? మమ్మల్ని అడిగిందల్లా ఎంతమంది లాగిన్ అయ్యారు, ఎన్ని వీడియోలు చూశారు, అంతే. వీడియో ఆన్ చేసి పక్కోడితో కబుర్లు చెప్పినా అది చూసినట్టే లెక్క మరి.

సరుకులు తెచ్చే లారీ మారితే ఒంటికి బలం రానట్టే, పాఠం మోసుకొచ్చే పరికరం మారినంత మాత్రాన చదువు రాదని విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లోనే రాశాడు. రాబర్ట్ కోజ్మా అనే ఇంకో పరిశోధకుడు దీన్ని ఒప్పుకోలేదనుకోండి, అది వేరే గొడవ.

మరి చదువు దేనివల్ల నిలుస్తుందంటారా? 2006లో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం చూడండి, ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్ళకి అయిదు నిమిషాల తర్వాత బాగానే గుర్తుంది గానీ వారం తర్వాత 40 శాతమే మిగిలింది, ఒక్కసారి చదివి మూడుసార్లు చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళకి మాత్రం 61 శాతం. దీనికి కాగితం ముక్క చాలు. కాకపోతే ఎవరు ఎక్కడ తప్పారో చూసి, వారానికి ఎవరి ప్రశ్న వాళ్ళకి మళ్ళీ వెయ్యడం క్లాసు మొత్తానికి ఒక్క టీచర్ వల్ల కాదు, ట్యాబ్ అక్కడ పనికొస్తుంది.

అందుకే ముందు లాటరీ తీసి కొన్ని స్కూళ్ళకే ఇవ్వండి, మిగతావి ఏడాది ఆగుతాయి, తర్వాత అందరికీ ఒకే పరీక్ష పెట్టండి, అదీ అమ్మిన కంపెనీ కాకుండా బయటివాళ్ళతో. ఫలితం బాగోకపోయినా బయటపెట్టండి. అన్నట్టు, పోయినసారి మా ట్రైనింగ్ పాస్‌వర్డ్ మార్చడం దగ్గరే అయిపోయింది సార్.

ఇట్లు,
ఓ లెక్కల టీచర్